నడుముకి డీకంప్రెషన్ ఎన్నిసార్లు? ప్యాకేజీ కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

"మేడం, ఇంకా ఎన్నిసార్లు గుంజాలి?"

బల్ల మీద పడుకోబెట్టి బెల్టు బిగిస్తుంటే నేను దాదాపు రోజూ వినే మాట ఇది. ఫిజియోథెరపీ చేసేవాళ్లకి దీనికి ఒక అంకె చెప్పేయడం చాలా తేలిక. 20 అనొచ్చు, 24 అనొచ్చు. అంకె చెప్పేస్తే రసీదు కూడా వెంటనే కొట్టేయొచ్చు. కానీ నేను మొదటి రోజే అంకె చెప్పను. ఎందుకు చెప్పనో, మీరు ఎలా తేల్చుకోవాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

తొందరలో ఉన్నవాళ్లకి నా పద్ధతి ముందే చెప్పేస్తా. రోజు విడిచి రోజు, వారానికి 3 సార్లు, 2 వారాలు. 6వ సెషన్ అయ్యాక కొలిచి చూడటం. మార్పు లేకపోతే ఆపేయడం. ఉంటే వారానికి 2 సార్లకి తగ్గించి, 10 నుంచి 12 సెషన్ల లోపు మొత్తం ముగించడం. ఎవరికీ ముందుగా 24 సెషన్ల డబ్బు కట్టకపోవడం.

ముందుగా ఈ మిషన్ గురించి

పేరుతో గందరగోళం ఉంది. సర్జన్ "డీకంప్రెషన్" అంటే ఆపరేషన్ చేసి నరం మీద నొక్కుతున్న ఎముకనో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల) ముక్కనో తీసేయడం. ఫిజియోథెరపీ సెంటర్ బోర్డు మీద "డీకంప్రెషన్" అంటే మోటారుతో నడుము లాగడం. మన పెద్దవాళ్లు ట్రాక్షన్ అని పిలిచేదానికి కంప్యూటర్ తొడిగిన రూపం. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ కూడా ఈ మిషన్లని కరెంటుతో నడిచే ట్రాక్షన్ పరికరాల కిందే లెక్కేస్తుంది.

బల్ల నడుము దగ్గర రెండు ముక్కలుగా ఉంటుంది. పక్కటెముకల కింద ఒక బెల్టు, తుంటి ఎముకల మీద ఒక బెల్టు కడతాం. మోకాళ్ల కింద స్టూలు పెడతాం. మోటారు తుంటి బెల్టుని ఒక నిమిషం పాటు లాగి పట్టుకుంటుంది, 20 నుంచి 30 సెకన్లు సడలిస్తుంది, మళ్లీ లాగుతుంది. ఖరీదైన మిషన్లలో కండరం బిగుసుకుంటే పసిగట్టి లాగుడు సర్దుకునే ఏర్పాటు ఉంటుంది. అందులో ప్రచారంలో ముందొచ్చినది కెనడాకి చెందిన అలన్ డయర్ తయారుచేసిన వ్యాక్స్-డీ. 1994లో కొద్దిమంది రోగులకి డిస్క్ లోపల సూది పెట్టి కొలిస్తే, ఆ బల్ల మీద లాగుతున్నంత సేపు లోపలి ఒత్తిడి సున్నా కంటే కిందికి పోయిందని తేలింది. ఆ కొలతే ఇప్పటికీ బ్రోచర్లలో తిరుగుతోంది. "డిస్క్ లోపలికి పీల్చుకుంటుంది" అనే మాట అక్కడి నుంచి పుట్టిందే.

ఒత్తిడి తగ్గిన మాట నిజమే. బల్ల దిగి నిలబడగానే ఆ బరువు మళ్లీ వచ్చి కూర్చుంటుందన్నదీ నిజమే. ఒత్తిడి తీసేస్తే చాలు వెన్ను బాగుపడిపోయేదైతే అంతరిక్షంలో ఉండి వచ్చినవాళ్ల నడుములు అందరికన్నా గట్టిగా ఉండాలి. అక్కడ భారమే లేక వాళ్లు దాదాపు 3 శాతం పొడుగవుతారు. కానీ చాలామందికి అక్కడే నడుము నొప్పి వస్తుంది, భూమ్మీదికి దిగాక డిస్క్ జారే ప్రమాదం మామూలు వాళ్లకంటే ఎక్కువ. వెన్నుకి బరువు శత్రువు కాదు, అలవాటు తప్పిన బరువే శత్రువు. ఈ మాట చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఇక రుజువుల సంగతి. మా వృత్తికి ఇది రుచించదు గానీ దాచడం న్యాయం కాదు. 2013లో, చికిత్సల మీద జరిగిన అధ్యయనాలని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 32 అధ్యయనాలని, 2,762 మంది రోగులని కలిపి చూసి, నడుము నొప్పికి ట్రాక్షన్ వల్ల నొప్పిలో గానీ పనిలోకి తిరిగి వెళ్లడంలో గానీ తేడా ఏమీ లేదు, ఉన్నా చాలా స్వల్పం అంది. 2016లో బ్రిటన్ మార్గదర్శకాలు నడుము నొప్పికీ సయాటికాకీ (నరం నొక్కుకుని కాల్లోకి దిగే నొప్పి) ట్రాక్షన్ ఇవ్వొద్దన్నాయి. 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీర్ఘకాలిక నడుము నొప్పికి దీన్ని మామూలుగా వాడొద్దనే చెప్పింది. చికిత్సే వద్దన్న చోట "వారానికి ఇన్నిసార్లు" అన్న అధికారిక లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? మీరు వినే 20, 24, 28 అన్నీ తయారీదార్ల పద్ధతుల నుంచీ సెంటర్ల అలవాట్ల నుంచీ వచ్చినవే.

మరి నేనెందుకు బల్ల ఉంచుకున్నాను? కాలు జివ్వుమని లాగుతూ, పడుకున్నా కూర్చున్నా ఊరట దొరకని కొందరికి, లాగుతున్నప్పుడు, ఆ తర్వాత కొన్ని గంటలు హాయిగా ఉంటుంది. ఆ కొన్ని గంటల్లో వాళ్లని నడిపించగలను, వ్యాయామం మొదలుపెట్టించగలను. నా దృష్టిలో దాని విలువ అంతే. ఆ విలువ ఎన్ని సెషన్ల దాకా ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

1వ అడుగు: బల్ల ఎక్కకూడని వాళ్లలో మీరున్నారా?

ఈ అడుగు మీద మిగతా అన్నిటికంటే ఎక్కువ సేపు ఆగండి.

ఒకాయన మిర్చి మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ. వేరే చోట ప్యాకేజీ కట్టి 11 సెషన్లు పూర్తిచేశాక మా దగ్గరికి వచ్చారు. నొప్పి కొంచెం తగ్గిందనే చెప్పారు. గుమ్మం దాటి లోపలికి వస్తుంటే కుడి చెప్పు వెనకే ఉండిపోయింది. ఆయన దాన్ని గమనించలేదు. "చెప్పు ఇలా జారుతోంది ఎన్నాళ్ల నుంచన్నా?" అంటే, "పది రోజులుంటది మేడం, చెప్పు వదులైందనుకున్న" అన్నారు. బొటనవేలు పైకెత్తమంటే లేవలేదు. అది డ్రాప్ ఫుట్, నరం చచ్చుబడుతున్న గుర్తు. నొప్పి తగ్గడం అక్కడ మంచి వార్త కానే కాదు. 11 సార్లు బల్ల ఎక్కించినవాళ్లు ఒక్కసారైనా ఆ బొటనవేలిని నొక్కి చూడలేదు. ఆ రోజే న్యూరోసర్జన్ దగ్గరికి పంపాం.

కాబట్టి, కిందివాటిలో ఏది కనిపించినా సెషన్ గురించి ఆలోచించొద్దు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి: మూత్రం వస్తున్నట్టుండి రాకపోవడం లేదా తెలియకుండా పోవడం, మలం మీద పట్టు తప్పడం, కడుక్కునేటప్పుడు చెయ్యి తగిలినా ఆ చోట స్పర్శ తెలియకపోవడం, రెండు కాళ్లూ ఒకేసారి బలహీనపడటం, పాదమో బొటనవేలో లేవకపోవడం. మొదటి మూడూ ఆపరేషన్ గంటల్లో జరగాల్సిన పరిస్థితికి గుర్తులు.

జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే మన దగ్గర వెన్ను క్షయని తప్పకుండా అనుమానించాలి. ఊపిరితిత్తుల్లో టీబీ లేకున్నా వెన్నులో రావొచ్చు. అలాంటి ఎముకని బెల్టు కట్టి లాగడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. గతంలో క్యాన్సర్ వచ్చినవాళ్లకీ, కిందపడిన తర్వాత నొప్పి మొదలైన వాళ్లకీ ముందు స్కానింగ్, తర్వాతే మాట.

గర్భిణులు, ఎముకలు గుల్లబారినవాళ్లు, చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లు, వెన్నులో రాడ్లూ స్క్రూలూ ఉన్నవాళ్లు, పూస కదులుతున్న స్పాండిలోలిస్థీసిస్ ఉన్నవాళ్లు, పొట్టలోని పెద్ద రక్తనాళం ఉబ్బినవాళ్లు, పొట్టలోనో గజ్జల్లోనో హెర్నియా ఉన్నవాళ్లు, ఈమధ్యే పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, బెల్టు బిగిస్తే ఊపిరాడని ఆయాసం ఉన్నవాళ్లు, వీళ్లెవరికీ ఈ బల్ల వద్దు.

2వ అడుగు: నొప్పి నడుములోనా, కాల్లోనా?

నడుములోనే ఉండి, వంగితేనో లేస్తేనో పట్టేసే నొప్పికి నేను ట్రాక్షన్ పెట్టను. దానికి వేడి కాపడం, నడక, అవసరమైతే కొద్ది రోజులు మాత్రలు, వ్యాయామం. ఇవి చాలు.

పిర్ర నుంచి తొడ వెనకగా పిక్కలోకో పాదంలోకో దిగే నొప్పి, దగ్గినా తుమ్మినా కరెంటు షాకులా కొట్టే నొప్పి, అది సయాటికా. ఎక్కువగా నడుము అడుగున ఎల్4-ఎల్5 లేదా ఎల్5-ఎస్1 అనే పూసల మధ్య డిస్క్ నరాన్ని నొక్కడం వల్ల వస్తుంది. ప్రయత్నించి చూడదలిస్తే ఇలాంటి వాళ్లే చూడాలి. 60 దాటినవాళ్లలో ఇంకో రకం ఉంది. కాసేపు నడిస్తే కాళ్లు బరువెక్కి లాగుతాయి, కూర్చుంటే తగ్గిపోతుంది, బజారుకి సైకిల్ నెట్టుకుంటూ ముందుకి వంగి నడిస్తే హాయి. అది నరాలు వెళ్లే దారి ఇరుకవడం. దాన్ని 6 వారాల లాగుడుతో వెడల్పు చేయలేం.

ఎంఆర్ఐ రిపోర్టులో "డిస్క్ బల్జ్" (డిస్క్ ఉబ్బింది) అని కనిపించగానే బల్ల ఎక్కేయొద్దు. నొప్పే లేనివాళ్లని స్కాన్ చేసి చూస్తే 20 ఏళ్ల వయసులో 30 శాతం మందికి, 50 ఏళ్లకి 60 శాతం మందికి, 80 ఏళ్లకి 84 శాతం మందికి బల్జ్ కనిపించింది. అది జుట్టు నెరవడం లాంటిదే. రిపోర్టులో ఉన్న వైపూ మీ కాలు లాగే వైపూ, అది చెప్పే నరమూ మీకు తిమ్మిరెక్కే చోటూ సరిపోలితేనే దానికి అర్థం. ఎడమ నరం నొక్కుకుందని రిపోర్టు, కుడి కాల్లో నొప్పి, అలాంటి కాగితాలు పట్టుకొచ్చిన వాళ్లని చాలామందినే చూశాను.

3వ అడుగు: మొదటి సెషన్‌కి ముందు రోజు 4 కొలతలు

ఒక నోటు పుస్తకం తీసుకోండి. సెంటర్ వాళ్లు రాసినా సరే, మీది మీరు రాసుకోండి.

ఒకటి, కాలి నొప్పికి 0 నుంచి 10 లో మార్కులు. నడుము నొప్పికి వేరే మార్కులు. రెండూ కలపొద్దు. రెండు, నొప్పి ఎక్కడి దాకా దిగుతోంది? పాదమా, పిక్కా, తొడా, పిర్రా? బొమ్మ గీసి గీత పెట్టినా చాలు. మూడు, లేవకుండా ఎన్ని నిమిషాలు కూర్చోగలరు, ఆగకుండా ఎన్ని నిమిషాలు నడవగలరు. నాలుగు, వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా నొప్పున్న కాలుని ఇంకొకరు నెమ్మదిగా ఎత్తాలి. నొప్పి మొదలైన చోట ఆపి, పరుపు నుంచి మడమ దాకా ఎత్తు టేపుతో కొలవాలి. మా సెంటర్లో కోణం కొలుస్తాం, ఇంట్లో దర్జీ టేపు చాలు.

వీటికి తోడు రోజూ ఉదయం అర నిమిషం పని. మడమల మీద పది అడుగులు, మునివేళ్ల మీద పది అడుగులు. తోడుగా గోడ పట్టుకోండి. నిన్న నడిచి ఇవాళ నడవలేకపోతే సెషన్ కాదు, డాక్టర్.

4వ అడుగు: మొదటి రోజు ఎంత, ఎంత సేపు

ఎన్నిసార్లు అని అడిగేవాళ్లు ఎంత బరువుతో అని అడగరు. విచిత్రం ఏమిటంటే మోతాదులో అదే సగం.

నేను శరీర బరువులో పావు వంతుతో మొదలుపెడతాను. 68 కిలోల మనిషికి 17 కిలోలు. సగం, అంటే 34 కిలోలు, పైహద్దు. అక్కడికి అందరూ చేరాలని లేదు. మొదటి రోజు 10 నిమిషాలు మించను. రెండో సెషన్‌కి ఇబ్బంది ఏమీ లేదంటే 15, ఆ తర్వాత 20. ప్రకటనల్లో కనిపించే 30, 45 నిమిషాలు ఖరీదైన మిషన్ల పద్ధతి. మొదటి రోజే ఎవరైనా అంతసేపు పెడతామంటే వద్దని చెప్పండి.

ముందు రెండు గంటలు కడుపునిండా తినొద్దు, బల్ల ఎక్కేముందు మూత్రానికి వెళ్లి రండి. ఆడవాళ్లకి ఒక మాట: చీర కుచ్చిళ్ల మీద బెల్టు నిలవదు. తుంటి మీద ఉండాల్సింది మోటారు లాగగానే తొడల మీదికి జారిపోతుంది, లాగుడంతా బట్టకే తగులుతుంది, మిషన్ తెర మీద మాత్రం 17 కిలోలు అని చూపిస్తూనే ఉంటుంది. పల్చటి చుడీదార్ ప్యాంటో పైజామానో వేసుకెళ్లండి. మగవాళ్లు ప్యాంటు బెల్టూ, జేబులో పర్సూ ఫోనూ తీసేయండి. పర్సు మీద బెల్టు బిగిస్తే రెండో రోజుకి అక్కడ నల్లగా కమిలిపోతుంది.

చేతిలో ఆపే స్విచ్ ఉండాలి. అది పనిచేస్తుందో లేదో మొదటి లాగుడులోనే ఒకసారి నొక్కి చూడండి. మొహమాటం అక్కర్లేదు. లాగుతున్నప్పుడు సాగుతున్నట్టు ఉండొచ్చు, కాలి నొప్పి పెరగకూడదు. వదులుతున్నప్పుడు చురుక్కుమని పొడిస్తే బరువు ఎక్కువైందని అర్థం.

అయిపోగానే లేచి కూర్చోవద్దు. 5 నిమిషాలు అలాగే ఉండి, పక్కకి తిరిగి, చేతి మీద ఆనుకుని లేవండి. తర్వాత వరండాలో 10 నిమిషాలు నడవండి. వెంటనే బండెక్కి గతుకుల రోడ్డు మీద 12 కిలోమీటర్లు వెళ్తే ఆ సెషన్‌కి కట్టిన డబ్బు స్పీడ్ బ్రేకర్ల దగ్గరే ఖర్చయిపోతుంది.

5వ అడుగు: మొదటి 2 వారాలు, రోజు విడిచి రోజు

సోమ, బుధ, శుక్ర. మళ్లీ సోమ, బుధ, శుక్ర. మొత్తం 6.

చాలా సెంటర్లు మొదటి 2 వారాలు వారానికి 5 సార్లు రమ్మంటాయి, తర్వాత 3, ఆ తర్వాత 2, మొత్తం 20 నుంచి 28. నేను రోజు విడిచి ఎందుకు పెడతానంటే, నడుము ఏం చెబుతుందో వినడానికి ఒక రోజు కావాలి. సెషన్ తర్వాత 24 గంటల లోపు కండరాలు పులిసినట్టుండటం మామూలే. అది మరునాటికి పోవాలి. రెండో రోజుకీ ఉంటే తర్వాతి సెషన్ ఒక రోజు వెనక్కి జరిపి బరువు తగ్గించమనండి. రోజూ లాగించుకుంటుంటే ఏది పులుపో, ఏది హానో, ఏది మేలో తెలియదు. పడుకున్న చోటు నుంచి లేవలేనంత కాలి నొప్పితో ఉండి, బల్ల మీదే ఊరట దొరుకుతున్న వాళ్లకి మాత్రం మొదటి వారం వరుసగా 4 రోజులు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. రోజుకి రెండుసార్లు మాత్రం ఎవరికీ పెట్టను.

మధ్య రోజుల్లో ఖాళీగా పడుకోవడం కాదు. 10 నిమిషాల చొప్పున రోజుకి మూడు నాలుగుసార్లు నడక. నిద్ర లేచిన మొదటి గంట ముందుకి వంగే పనులు వద్దు. రాత్రంతా డిస్క్ నీరు పీల్చుకుని నిండుగా ఉంటుంది, అప్పుడు వంగితే దాని మీద ఒత్తిడి ఎక్కువ పడుతుంది. వాకిలి ఊడ్చి ముగ్గు వేయడం, బోరింగు దగ్గర బిందె ఎత్తడం లాంటివి కొన్నాళ్లు ఇంట్లో ఇంకొకరికి అప్పజెప్పండి. సెషన్లన్నిటికంటే ఈ ఒక్కటి మానడమే ఎక్కువ మేలు చేసిందని చెప్పినవాళ్లు నాకు తెలుసు.

6వ అడుగు: 6వ సెషన్ మరునాడు తీర్పు

నోటు పుస్తకం తీసి నాలుగు కొలతలూ మళ్లీ తీయండి.

కాలి నొప్పి కనీసం 2 మార్కులు, లేదా మొదట ఉన్నదాంట్లో 30 శాతం తగ్గాలి. అంతకంటే తక్కువ తేడా రోజువారీ హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. నొప్పి ఎక్కడి దాకా దిగుతోందన్నది ఇంకా ముఖ్యం. పాదంలో ఉన్నది పిక్కకి, పిక్కలోది తొడకి, తొడలోది పిర్రకి, ఇలా పైకి ఎక్కుతుంటే మంచి గుర్తు. మేం దీన్ని సెంట్రలైజేషన్ అంటాం. న్యూజిలాండ్ ఫిజియోథెరపిస్టు రాబిన్ మెకెంజీ దీనికి ప్రాచుర్యం తెచ్చారు. ఈ దశలో కాలు తేలికపడి నడుము నొప్పి కొంచెం పెరగొచ్చు. దానికి కంగారుపడి ఆపేసేవాళ్లున్నారు. అది కాలు ఖాళీ చేసి పైకి పోతున్న నొప్పి, భయపడకండి. దీనికి తలకిందులుగా, నడుము హాయిగా ఉండి కాల్లో నొప్పి ఇంకా కిందికి దిగుతుంటే మాత్రం ఆరు పూర్తయ్యే దాకా కూడా ఆగొద్దు, ఆ రోజే ఆపండి.

కూర్చోగలిగే సమయం, నడవగలిగే సమయం, మడమ ఎత్తు, ఈ మూడింట్లో రెండు మెరుగుపడితే ముందుకి వెళ్లొచ్చు. ఏమీ మారకపోతే ఆపేయండి. "ఇంకో పది చేస్తే తప్పకుండా పట్టుకుంటుంది" అని చెబుతారు. ఆరుసార్లలో కాస్తయినా కదలనిది పదహారుసార్లకి కదిలిన సందర్భం నా అనుభవంలో చాలా అరుదు. కదిలినా, దాన్ని బల్ల కదిలించిందో కాలం కదిలించిందో చెప్పలేం.

ఆ కాలం సంగతే అసలు లెక్క. డిస్క్ జారి వచ్చిన సయాటికా ఎక్కువమందిలో 6 నుంచి 12 వారాల్లో దానంతట అదే చాలావరకు తగ్గుతుంది. జారిన ముక్కని ఒళ్లే నెమ్మదిగా కరిగించుకుంటుంది. ఆపరేషన్ లేకుండా మళ్లీ స్కాన్ తీసినవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందికి ముక్క చిన్నదైనట్టు కనిపించింది. ఇంకా వింత ఏమిటంటే, బాగా బయటికి వచ్చిన ముక్కే ఎక్కువగా కరుగుతుంది, కొంచెం ఉబ్బినది అలాగే ఉండిపోతుంది. ఇప్పుడు ప్యాకేజీ ఎన్నాళ్లో చూడండి: 5 నుంచి 7 వారాలు. మీ ఒళ్లు తనని తాను బాగుచేసుకునే సమయమూ అదే. 24వ సెషన్ నాటికి నొప్పి పోతే పేరు మిషన్‌కి వెళ్తుంది, పోకపోతే "మీరు ఆలస్యంగా వచ్చారు" అంటారు. అందుకే తీర్పు 6వ సెషన్ దగ్గర పెట్టుకోమంటున్నాను. రెండు వారాల్లో వచ్చిన స్పష్టమైన మార్పు మీద కొంచెం నమ్మకం పెట్టుకోవచ్చు, ఏడు వారాల్లో వచ్చినదాన్ని విడదీసి చూడలేం.

7వ అడుగు: తగ్గించుకుంటూ బయటపడటం

6వ దగ్గర పాసైతే 3వ వారం, 4వ వారం రెండేసి సార్లు. ఇప్పటికి 10. అవసరమనిపిస్తే 5వ, 6వ వారాల్లో ఒక్కోసారి. 12 అయ్యాక బల్ల చాలు.

సెషన్లు తగ్గేకొద్దీ వ్యాయామం పెరగాలి. మొదట్లో బోర్లా పడుకుని మోచేతుల మీద లేవడం, అది కాలి నొప్పిని పైకి లాగుతుంటేనే. తర్వాత పిర్రలు ఎత్తే బ్రిడ్జ్, మోకాళ్లూ చేతుల మీద ఉండి ఒక చెయ్యీ ఎదురు కాలూ చాచడం, పక్కకి పడుకుని మోచేతి మీద లేవడం. నాలుగో వారానికి నేల మీంచి 5 కిలోల బియ్యం సంచి తుంటి, మోకాళ్లు వంచి ఎత్తడం నేర్పిస్తాను. ఆరో వారానికి 10 కిలోలు. వెన్నుకి బరువు అలవాటు చేయాలన్న మాట ఇక్కడికే. హమాలీకి 40 కిలోల బస్తా, ఆఫీసు ఉద్యోగికి 9 గంటల కుర్చీ, రెండూ బరువులే. దేనికి తిరిగి వెళ్లాలో దానికి తయారుచేయాలి.

ఒక అబ్బాయి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పిక్క దాకా నొప్పితో వచ్చాడు. మూడో సెషన్‌కి తొడకి ఎక్కింది, ఆరోదానికి పిర్ర దగ్గర ఆగింది. ఎనిమిదో సెషన్‌కి రానని ఫోన్ చేశాడు. "మేడం, నడిస్తే చాలా బాగుంటోంది, వచ్చి పడుకోవడం టైం వేస్ట్ అనిపిస్తోంది." నాకు నచ్చిన ఫోన్ కాల్స్‌లో అదొకటి.

నెలకోసారి "మెయింటెనెన్స్" సెషన్ పెట్టుకోమని అడిగితే ఒప్పుకోకండి. నొప్పి లేని నడుముని నెలనెలా లాగితే మళ్లీ రాకుండా ఉంటుందనడానికి ఆధారం లేదు. ఆ అరగంట నడకకి వాడండి.

8వ అడుగు: డబ్బు మాట్లాడటం

ఒక్కో సెషన్‌కి విడిగా కడతానని మొదటి రోజే చెప్పండి. కుదరదంటే 6 సెషన్ల ప్యాకేజీ అడగండి. "24 కి కడితే సెషన్ సగం ధరకే" అన్నచోట, 6 తర్వాత ఆపేస్తే మిగతా డబ్బు వెనక్కిస్తారా అని రాతపూర్వకంగా అడగండి. వాళ్ల మొహంలో జవాబు ముందే కనిపిస్తుంది. సెషన్ చేసేది బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివిన ఫిజియోథెరపిస్టేనా, బటన్ నొక్కి వెళ్లిపోయే సహాయకుడా అన్నది కూడా అడగండి. ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే ఫిజియోథెరపీకి చాలా ఆరోగ్య బీమా పాలసీలు డబ్బివ్వవు, మీ పాలసీ చూసుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి: వ్యాక్స్-డీ తరహా చికిత్సకి అక్కడి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) చెల్లించదు. మామూలు ట్రాక్షన్‌కి బిల్లు కోడ్ 97012, ఈ తరహా డీకంప్రెషన్‌కి ఎస్9090. మీ బిల్లులో ఏది వేస్తున్నారో, మీ ఇన్సూరెన్స్ దాన్ని ఒప్పుకుంటుందో ముందే అడగండి. ముఖ్యంగా ఇక్కడి నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్లేటప్పుడు, వాళ్ల ఎముకల గట్టిదనం తెలియకుండా బల్ల ఎక్కించకండి.

ఇంట్లో చేసుకునేవి

మంచం చివర గిలక పెట్టి, నడుము బెల్టుకి తాడు కట్టి, ఇటుకలో ఇసుక సంచులో వేలాడదీసే పద్ధతి ఇప్పటికీ ఉంది. 8, 10 కిలోలు వేలాడదీసి రోజుకి గంటల తరబడి పడుకోబెడతారు. పరుపుకీ ఒంటికీ మధ్య రాపిడే ఆ బరువులో ఎక్కువ భాగం తినేస్తుంది, పూసల దాకా చేరేది కొంచెమే. అది నిజానికి చేసే పని మనిషిని మంచానికి కట్టేయడం. ఎక్కువ రోజులు పడుకోవడం నడుముకి చేటేనని ఇప్పుడు అందరూ ఒప్పుకున్న విషయం.

తలకిందులుగా వేలాడే ఇన్వర్షన్ టేబుళ్లు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతున్నాయి. తల కిందికి పెడితే రక్తపోటూ కంట్లో ఒత్తిడీ పెరుగుతాయి. బీపీ, గ్లకోమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు దగ్గరికి వెళ్లొద్దు. పార్కులో బార్ పట్టుకుని పాదాలు నేలకి ఆనించి 20, 30 సెకన్లు సగం బరువు వదలడం చాలామందికి హాయిగా ఉంటుంది. రోజుకి మూడు నాలుగుసార్లు చేసుకోవచ్చు. దిగేటప్పుడు దూకొద్దు.

మళ్లీ పట్టేస్తే

చాలామందికి ఏడాది రెండేళ్లలో మళ్లీ ఒకసారి పట్టేస్తుంది. డిస్క్ మళ్లీ జారిందని అనుకోనక్కర్లేదు. మొదట మడమల నడక, మునివేళ్ల నడక, మూత్రం, స్పర్శ చూసుకోండి. అవి బాగుంటే పాత నోటు పుస్తకం తీసి ఏ వ్యాయామం కాలి నొప్పిని పైకి లాగిందో దాన్నే వారం పాటు చేయండి. వారానికీ కాలు వదలకపోతే, పోయినసారి బల్ల పనిచేసిన వాళ్లయితే, మళ్లీ 1వ అడుగు నుంచి మొదలుపెట్టి 6 సెషన్లకే ఒప్పుకోండి. పోయినసారి పనిచేయనివాళ్లు ఈసారి బల్ల కోసం కాదు, డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఆ నోటు పుస్తకం కూడా పట్టుకెళ్లండి. ఎంఆర్ఐ ఫిల్మ్ కంటే ముందు ఆయన దాన్నే అడగొచ్చు.